కాంతి శాస్త్రవేత్త సూరి భగవంతం

హైదరాబాదు నుండి విజయవాడకు వెళ్ళే జాతీయ రహదారి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, హయత్‌నగర్‌ల మీదుగా తూర్పు దిశగా సాగుతుంది. కుతుబ్‌షాహీ వంశానికి చెందిన హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన హయత్‌నగర్ ఒకప్పుడు నగరానికి దూరంగా ఉన్న గ్రామం. నేడది మహానగరంలో కలిసిపోయిన రద్దీ ప్రాంతం. ఈ రహదారి వెంట ఉన్న జూనియర్ కళాశాలల్లో భౌతికశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ అభిఘాతాల లెక్కలు పరిచితమే. 9,000 కిలోగ్రాముల ద్రవ్యరాశి గల లారీ సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చి, నిలిచి ఉన్న 1,000 కిలోగ్రాముల కారును ఢీకొని, దానితో కలిసిపోయి ముందుకు సాగిందనుకుందాం. అప్పుడు ఆ రెంటి ఉమ్మడి వేగం ఎంత? ద్రవ్యవేగ నిత్యత్వ నియమాన్ని అనుసరించి ఆ వేగం సెకనుకు 9 మీటర్లని విద్యార్థి సులభంగా చెప్పగలడు.

అయితే అసలు ప్రశ్న ఆ తరువాతే మొదలవుతుంది. అభిఘాతానికి ముందు లారీ గతిజశక్తి 4,50,000 జౌళ్ళు. అభిఘాతం తరువాత రెండు వాహనాల గతిజశక్తి 4,05,000 జౌళ్ళు మాత్రమే. ద్రవ్యవేగం ఏమాత్రం తగ్గలేదు. కాని 45,000 జౌళ్ళ గతిజశక్తి కనిపించకుండా పోయింది. అది ఎక్కడికి పోయింది? వంగిన ఇనుములో, వేడెక్కిన లోహంలో, పుట్టిన చప్పుడులో దానిని వెదకాలి. చలనంగా బయటకు కనిపించిన శక్తి పదార్థం లోపలికి చేరింది. ఇటువంటి దానిని అస్థితిస్థాపక అభిఘాతం అంటారు. బయట కనిపించని శక్తి లోపల ఎక్కడో ఉండి తీరుతుందన్న విశ్వాసమే శక్తి నిత్యత్వ నియమానికి ప్రాణం.

ఈ లెక్క వాహనాలకు మాత్రమే పరిమితమైనది కాదు. వెలుగు వచ్చి అణువును తాకినప్పుడు కూడ ఇదే లెక్క వర్తిస్తుంది. పోయిన శక్తి ఎక్కడికి పోయింది, ఎంత పోయింది, శక్తితో పాటు మరేమైనా చేతులు మారిందా అన్న ప్రశ్నలకు సమాధానం వెదుకుతూ యౌవనాన్ని ప్రయోగశాలకు అంకితం చేసిన తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం. ఇరవయ్యవ శతాబ్దపు భారతీయ భౌతికశాస్త్రవేత్తలలో ఆయనది విశిష్టమైన స్థానం. ఆచార్యునిగా, ఉపకులపతిగా, దేశ రక్షణ పరిశోధనలకు సారథిగా ఆయన నిర్వహించిన బాధ్యతలు బహుముఖమైనవి.

భగవంతం 1909 అక్టోబరు 14న నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లి గ్రామంలో జన్మించారు. శోభనాచల క్షేత్రంగా పేరొందిన ఆ గ్రామం విజయవాడకు చేరువలోనే ఉన్నది. గుడివాడలో పాఠశాల విద్య ముగించుకొని, ఉన్నత విద్య కోసం ఆయన హైదరాబాదుకు వచ్చారు. నాడు తెలుగువారు మూడు తావులుగా విడిపోయి జీవిస్తున్నారు. కోస్తా, రాయలసీమ ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో ఉండగా, తెలంగాణం నిజాం ప్రభువుల ఏలుబడిలో ఉండేది. మరికొందరు మైసూరు వంటి ఇరుగుపొరుగు సంస్థానాలలో ఉండేవారు. కృష్ణా తీరం నుండి మూసీ తీరానికి రావడమంటే ఒక పాలన నుండి మరొక పాలనకు రావడమే. ఆనాడు నిజాం కళాశాల హైదరాబాదులో ఉన్నప్పటికీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఆ కళాశాలలో భగవంతం పట్టభద్రులయ్యారు. తరువాత మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎస్సీ. పట్టాన్ని పొందారు.

1928వ సంవత్సరం భారతీయ విజ్ఞాన చరిత్రలో చిరస్మరణీయమైనది. ఆ ఏడాది ఫిబ్రవరి 28న కలకత్తాలోని భారతీయ విజ్ఞాన సంవర్ధక సంఘం ప్రయోగశాలలో చంద్రశేఖర వెంకట రామన్ తన సహచరుడు కె.ఎస్.కృష్ణన్‌తో కలిసి ఒక కొత్త కాంతి ఫలితాన్ని కనుగొన్నారు. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకొన్న రామన్ అప్పటికే కలకత్తాలో దేశదేశాల శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించే పరిశోధనలు చేస్తున్నారు. ఆ సంవత్సరంలోనే పందొమ్మిదేళ్ళు కూడ నిండని భగవంతం రామన్ శిష్యబృందంలో చేరారు. ఆవిష్కరణ జరిగిన వేడి ఇంకా చల్లారని ఆ ప్రయోగశాలలో అడుగుపెట్టడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

రామన్ ఫలితాన్ని అర్థం చేసుకోవాలంటే కాంతిని కణాల ప్రవాహంగా భావించాలి. ఈ కాంతి కణాలనే ఫోటాన్లు అంటారు. ఒక్కొక్క ఫోటాన్‌కు ఇంత శక్తి, ఇంత ద్రవ్యవేగం అని నిర్దిష్టంగా ఉంటాయి. ఆర్థర్ కాంప్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1923లో ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లను ఢీకొన్న తీరును పరిశీలించి, రెండు గోళీలు ఒకదానినొకటి తాకినప్పుడు ఏ నియమాలు వర్తిస్తాయో అక్కడ కూడ అవే వర్తిస్తాయని నిరూపించారు. శక్తిని, ద్రవ్యవేగాన్ని లెక్కగడితే కిరణాల తరంగదైర్ఘ్యంలో ఎంత మార్పు రావాలో ముందుగానే చెప్పవచ్చు. ప్రయోగంలో అంతే మార్పు కనిపించింది. ఈ కృషికి కాంప్టన్‌కు 1927లో నోబెల్ బహుమానం లభించింది. ఎక్స్ కిరణాలలో కనిపించిన మార్పు వంటిది మామూలు వెలుగులో కూడ కనిపించవచ్చునన్న ఆలోచన రామన్‌ను ముందుకు నడిపించింది.

ఫోటాన్ ఒక అణువును తాకినప్పుడు రెండు విధాలుగా జరగవచ్చు. చాల సందర్భాలలో ఫోటాన్ తన దిశను మాత్రమే మార్చుకొంటుంది. దాని శక్తి ఇంచుమించు మారదు. ఇది స్థితిస్థాపక అభిఘాతం వంటిది. కాని సుమారుగా కోటి ఫోటాన్లలో ఒక్కటి తన శక్తిలో కొంత భాగాన్ని అణువుకు ఇచ్చి బయటపడుతుంది. ఆ శక్తితో అణువులోని పరమాణువులు కంపించడమో, అణువే వేగంగా తిరగడమో జరుగుతుంది. శక్తి తగ్గిన ఫోటాన్ తరంగదైర్ఘ్యం పెరుగుతుంది గనుక వర్ణపటంలో అసలు రేఖకు పక్కన ఒక కొత్త రేఖ కనిపిస్తుంది. ఒక్కొక్కప్పుడు అప్పటికే కంపిస్తున్న అణువు తన శక్తిని ఫోటాన్‌కు ఇస్తుంది. అప్పుడు కొత్త రేఖ రెండవ వైపున కనిపిస్తుంది. ఇదే రామన్ ఫలితం. లారీ ప్రమాదంలో వంగిన ఇనుములోకి పోయిన శక్తిని కొలవడం కష్టం. ఇక్కడ మాత్రం అణువు లోపలికి పోయిన శక్తి ఎంతో వర్ణపటంలోని రెండు రేఖల మధ్య ఎడమే చెబుతుంది. అస్థితిస్థాపక అభిఘాతాన్ని ఇంత సూక్ష్మంగా లెక్కగట్టగలగడమే ఈ ఆవిష్కరణ గొప్పదనం. ఇందుకు రామన్ 1930లో నోబెల్ బహుమానం అందుకొన్నారు.

కోటిలో ఒక్క ఫోటాన్‌ను పట్టుకోవడం సామాన్యమైన పని కాదు. లేజర్ కిరణాలు లేని కాలమది. పాదరస దీపం వెలుగును కటకాలతో కేంద్రీకరించి, పరిక్షేపణ చెందిన మసక వెలుగును వర్ణపటలేఖినిలోకి పంపి, ఛాయాచిత్ర ఫలకంపై గంటల తరబడి, కొన్ని సందర్భాలలో రోజుల తరబడి పడనివ్వవలసి వచ్చేది. దీపం వణికినా, ఉష్ణోగ్రత మారినా శ్రమ అంతా వ్యర్థమయ్యేది. ఇటువంటి వాతావరణంలో భగవంతం ఓర్పును, కొలతలలో నిర్దుష్టతను అలవరచుకొన్నారు. వాయువుల నుండి, ద్రవాల నుండి పరిక్షేపణ చెందే వెలుగును ఆయన పరిశీలించారు. 1930లో వజ్రం మీద పరిశోధనలు ప్రారంభించారు. వజ్రాన్ని తాకిన వెలుగులో సెంటీమీటరుకు 1332 తరంగాల తేడాతో ఒక తీక్ష్ణమైన కొత్త రేఖ ఏర్పడుతుంది. వజ్రంలోని కార్బన్ పరమాణువులు ఏ విధంగా కంపిస్తున్నాయో ఆ రేఖ తెలుపుతుంది. కృష్ణానదీ తీరంలోని కొల్లూరు గనులు ఒకప్పుడు లోకానికి వజ్రాలనిచ్చాయి. ఆ కృష్ణా మండలంలోనే పుట్టిన యువకుడు వజ్రం విలువను కాక, వజ్రం అంతర్నిర్మాణాన్ని తెలుసుకోగోరడం గమనింపదగినది.

భగవంతం పేరును ప్రపంచ భౌతికశాస్త్ర చరిత్రలో నిలిపిన ప్రయోగం 1931లో జరిగింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవైరెండు సంవత్సరాలు. ఫోటాన్‌కు శక్తి ఉన్నదని, ద్రవ్యవేగం ఉన్నదని అప్పటికి రుజువైంది. కాని దానికి స్వాభావికమైన భ్రమణం కూడ ఉన్నదా అన్నది తేలని విషయంగానే ఉండిపోయింది. బొంగరం నేలమీద ముందుకు జరుగుతూనే తన చుట్టూ తాను తిరుగుతుంది. ముందుకు సాగే చలనానికి ద్రవ్యవేగం ఉన్నట్లే, తిరిగే చలనానికి కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. అభిఘాతంలో ద్రవ్యవేగం వలెనే కోణీయ ద్రవ్యవేగం కూడ మొత్తం మీద మారకుండా ఉండాలి. ఒక వస్తువు పోగొట్టుకొన్నది మరొక వస్తువుకు చేరాలి. ఫోటాన్‌కు భ్రమణం ఉన్నట్లయితే, అది అణువును తాకినప్పుడు ఈ నియమం తన ఆనవాలును వెలుగులో ఎక్కడో ఒకచోట విడిచిపెట్టక తప్పదు.

ఆ ఆనవాలు ఎక్కడ ఉంటుందో గురుశిష్యులు ఈ విధంగా ఆలోచించారు. ఫోటాన్ ఒక దిశలో తిరుగుతూ వచ్చి అణువును తాకి, ఎదురు దిశలో తిరుగుతూ బయటపడిందనుకుందాం. అప్పుడు భ్రమణంలో వచ్చిన తేడా అణువుకు చేరుతుంది. ఆ కారణంగా అణువు తిరిగే వేగం మారితే, దాని భ్రమణశక్తి కూడ మారుతుంది. ఆ శక్తి ఫోటాన్ నుండే రావాలి, లేదా ఫోటాన్‌కే పోవాలి. కాబట్టి అటువంటి వెలుగు అసలు రేఖ మీద ఉండక, దానికి ఇరువైపులా రెక్కలవలె వ్యాపించిన మసక వెలుగులో చేరుతుంది. అసలు రేఖలో ఉన్న వెలుగును రెక్కల వెలుగు నుండి వేరుచేసి, ఒక్కొక్కదానిలో ధ్రువణం ఏ మేరకు చెదిరిందో కొలిచినట్లయితే భ్రమణం ఉన్నదో లేదో తేలిపోతుంది. భ్రమణం లేదనుకొంటే సిద్ధాంతం ఒక విలువను చెబుతుంది. ఉన్నదనుకొంటే మరొక విలువను చెబుతుంది. రెండు విలువల నడుమ తీర్పు చెప్పవలసినది ప్రయోగం.

కొలతలు భ్రమణం ఉన్నదన్న పక్షాన్నే సమర్థించాయి. ఫోటాన్‌కు ఒక యూనిట్ కోణీయ ద్రవ్యవేగం ఉన్నదని రామన్, భగవంతం నిర్ధారించారు. ఫోటాన్ భ్రమణానికి ప్రయోగాత్మకమైన నిరూపణ అన్న అర్థం వచ్చే శీర్షికతో వారి పరిశోధన పత్రం 1931లో భారతీయ భౌతికశాస్త్ర పత్రికలో వెలువడింది. అదే విషయాన్ని వారు ఇంగ్లండు నుండి వెలువడే నేచర్ పత్రిక ద్వారా 1932లో విదేశీ శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చారు. కొన్నేళ్ళ తరువాత, 1936లో రిచర్డ్ బెత్ అనే అమెరికా శాస్త్రవేత్త సన్నని తీగకు వేలాడదీసిన స్ఫటిక ఫలకం గుండా వృత్తధ్రువిత కాంతిని పంపి, ఆ కాంతి ఫలకాన్ని మెలిపెట్టగలదని యాంత్రికంగా చూపారు. అణువుల సాక్ష్యంతో భారతీయులు చెప్పిన మాటకు కంటికి కనిపించే వస్తువు సాక్ష్యం కూడ లభించినట్లయింది. పాలకుల దేశంలోని సంపన్నమైన ప్రయోగశాలలతో పోల్చదగిన పరికరాలు లేని పరాధీన భారతదేశంలో ఇటువంటి మౌలికమైన ప్రశ్నను అడగడమే సాహసం. దానికి సమాధానం చెప్పగలగడం నాటి యువతరానికి గొప్ప ఆత్మవిశ్వాసాన్నిచ్చింది.

1932లో భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. 1926లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయం అప్పుడప్పుడే విజ్ఞానశాస్త్ర విభాగాలను తీర్చిదిద్దుకొంటున్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్ నాడు దానికి ఉపకులపతి. కలకత్తా వంటి మహానగరంలో ప్రఖ్యాత గురువు నీడలో కొనసాగడం భగవంతానికి సులభమైన మార్గం. కాని ఆయన తెలుగు ప్రాంతానికి వచ్చి కొత్త ప్రయోగశాలను నిర్మించే కష్టమైన మార్గాన్ని ఎన్నుకొన్నారు. ఇరవైల చివరిలోనే ఆచార్య పదవిని అందుకొన్నారు.

వాల్తేరులో ఆయన పరిశోధన కొత్త దారులు తొక్కింది. స్ఫటికంలో పరమాణువులు ఒక క్రమమైన అమరికలో ఉంటాయి. ఆ అమరికలోని సౌష్ఠవాన్ని పరిశీలించి, ఆ స్ఫటికం ఎన్ని విధాలుగా కంపించగలదో, ఆ కంపనాలలో ఏవి రామన్ ఫలితంలో కనిపిస్తాయో గణితం ద్వారా ముందుగానే చెప్పవచ్చు. దీనికి ఉపకరించే గణితశాఖ సమూహ సిద్ధాంతం. భగవంతం తన సహపరిశోధకులు టి.వెంకటరాయుడుతో కలిసి 1939లో ఈ పద్ధతిని స్ఫటికాలకు అన్వయించి చూపారు. వారిద్దరూ రచించిన సమూహ సిద్ధాంత గ్రంథం విశ్వవిద్యాలయం ప్రచురణగా వెలువడి విదేశాలలో కూడ ఆదరణ పొందింది. అంతకుముందే, 1940లో కాంతి పరిక్షేపణాన్ని, రామన్ ఫలితాన్ని గూర్చి భగవంతం రచించిన గ్రంథం ప్రకటితమైంది. కోటి ఫోటాన్లలో ఒక్కదానిని పట్టుకొనే ప్రయోగకుశలత, కాగితం మీద సౌష్ఠవాన్ని లెక్కగట్టే సిద్ధాంత పాండిత్యం ఒకే వ్యక్తిలో కలిసి ఉండటం అరుదైన విషయం.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం తాత్కాలికంగా గుంటూరుకు తరలవలసి వచ్చింది. సున్నితమైన పరికరాలను మూటగట్టుకొని ఊరుమారడమంటే పరిశోధనకు తీరని ఆటంకం. అయినప్పటికీ ఆ సంవత్సరాలలోనే భగవంతం, జె.భీమసేనాచార్ కలిసి వజ్రం స్థితిస్థాపక స్థిరాంకాలను నిర్ణయించారు. మనిషి చెవికి వినిపించని అతిధ్వని తరంగాలను స్ఫటికం గుండా పంపి, అవి ఎంత వేగంతో ప్రయాణిస్తున్నాయో కొలిస్తే, ఆ స్ఫటికం ఎంత బలానికి ఎంత వంగుతుందో తెలుసుకోవచ్చు. లోకంలో అత్యంత కఠినమైన సహజ పదార్థంగా పేరొందిన వజ్రానికి కూడ స్థితిస్థాపకత ఉన్నదని, దానిని సంఖ్యలలో చెప్పవచ్చునని వారి కొలతలు తెలిపాయి. కొలతలు జరిగినది యుద్ధకాలంలో అన్న విషయం గుర్తుంచుకొన్నప్పుడు వాటి విలువ మరింత పెరుగుతుంది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1948-49లో భగవంతం లండనులో వైజ్ఞానిక అనుసంధాన అధికారిగా పనిచేశారు. అక్కడినుండి తిరిగివచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు. తాను విద్యార్థిగా చదువుకొన్న హైదరాబాదుకు ఆయన గురువుగా తిరిగివచ్చారు. ఆనాటికి నగరం పూర్తిగా మారిపోయింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1918 నుండి ఉర్దూ మాధ్యమంలో విద్యనందించిన ఉస్మానియాలో ఆంగ్లం బోధనాభాషగా ప్రవేశించింది. అధ్యాపకులకు, విద్యార్థులకు కూడ అది పరీక్షాకాలం. అటువంటి సంధికాలంలో, 1952లో, భగవంతం ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా నియమితులయ్యారు. 1957 వరకు ఆ పదవిలో కొనసాగారు. ఈ ఐదేళ్ళలోనే, 1956లో, తెలంగాణం, ఆంధ్ర కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రెండు ప్రాంతాలలో చదువుకొని, రెండు విశ్వవిద్యాలయాలలో బోధించిన భగవంతానికి ఇరు ప్రాంతాల విద్యార్థుల అవసరాలు తెలుసు.

పరిపాలన బాధ్యతలు పెరిగినకొద్దీ స్వయంగా ప్రయోగాలు చేసే అవకాశం శాస్త్రవేత్తకు తగ్గుతుంది. ఇది భగవంతం జీవితంలోని కీలకమైన ఘట్టం. నలభై మూడేళ్ళ వయస్సులో ఉన్న శాస్త్రవేత్త ప్రయోగశాలను విడిచి దస్త్రాల నడుమ కూర్చోవడం దేశానికి లాభమా, నష్టమా అన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది. కొత్తగా స్వతంత్రమైన దేశంలో ప్రయోగశాలలను నిర్మించగలిగేవారు, సమర్థులైన యువకులను గుర్తించగలిగేవారు బహు కొద్దిమంది. ఒక మనిషి రాయదగిన కొన్ని పరిశోధన పత్రాలు ఆగిపోయినా, వందలమంది పరిశోధనలు చేయడానికి వీలు కలుగుతుంది. ఆయన ఈ రెండవ మార్గాన్ని అంగీకరించారు. అయినా మొదటిదానిని పూర్తిగా విడిచిపెట్టలేదు. స్ఫటిక సౌష్ఠవాన్ని, భౌతిక ధర్మాలను గూర్చిన ఆయన ప్రామాణిక గ్రంథం 1966లో, అంటే దేశ రక్షణ పరిశోధనల భారం మోస్తున్న కాలంలోనే వెలువడింది.

1957లో భగవంతం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులయ్యారు. ఆయన పుట్టిన 1909లోనే స్థాపితమైన ఆ సంస్థకు 1933 నుండి కొంతకాలం ఆయన గురువు రామన్ సంచాలకులుగా ఉన్నారు. ఇప్పుడదే ఆసనం శిష్యుని వరించింది. ఆయన హయాములో, 1958లో, ఆ సంస్థకు విశ్వవిద్యాలయంతో సమానమైన ప్రతిపత్తి లభించింది. 1962లో ఆయన తరువాత ఆ బాధ్యతను స్వీకరించిన సతీశ్ ధవన్ అనంతరకాలంలో భారత అంతరిక్ష కార్యక్రమానికి నాయకత్వం వహించారు.

1961లో భగవంతానికి మరింత బరువైన బాధ్యత అప్పగింపబడింది. రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా, రక్షణ పరిశోధన అభివృద్ధి సంస్థకు అధిపతిగా ఆయన నియమితులయ్యారు. 1958లో ఏర్పడిన ఆ సంస్థ అప్పటికింకా శైశవదశలోనే ఉన్నది. మరుసటి సంవత్సరమే, 1962లో, చైనాతో యుద్ధం వచ్చింది. మంచుకొండలపై పోరాడిన మన సైనికులకు తగిన ఆయుధాలు, పరికరాలు, వస్త్రాలు సైతం చాలినంతగా లేవన్న చేదునిజాన్ని దేశం గ్రహించింది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగింది. యుద్ధకాలంలో ఇతర దేశాలు పరికరాలను ఇవ్వడం మానివేస్తే మన గతి ఏమిటన్న ప్రశ్న తలెత్తింది. 1969 వరకు, ఇటువంటి క్లిష్టమైన ఎనిమిది సంవత్సరాల పాటు, భగవంతం రక్షణ పరిశోధనలకు సారథ్యం వహించారు. వెలుగు రహస్యాలను అన్వేషించిన శాస్త్రవేత్త ఆయుధాల అన్వేషణకు పూనుకోవడం కొందరికి విరుద్ధంగా తోచవచ్చు. అయితే తనను తాను కాపాడుకోలేని దేశంలో విజ్ఞానం కూడ నిలువజాలదని ఆ యుద్ధాల కాలంలో జీవించిన తరం భావించింది.

ఈ కాలంలోనే హైదరాబాదు రక్షణ పరిశోధనలకు ప్రధానకేంద్రంగా రూపొందసాగింది. రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాల 1962లో, రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల 1963లో ఈ నగరానికి తరలివచ్చాయి. ఎల్.బి.నగర్‌కు ఎంతో దూరంలో లేని కంచన్‌బాగ్ ప్రాంతంలో నేడు ఈ ప్రయోగశాలలు విస్తరించి ఉన్నాయి. 1980ల నుండి అగ్ని, పృథ్వి మొదలైన క్షిపణులకు రూపకల్పన చేసిన ఘనత ఈ ప్రాంతానిదే. లోహశాస్త్ర పరిశోధనశాలవారు యుద్ధశకటాల కోసం రూపొందించిన కవచానికి కంచన్‌బాగ్ పేరు మీదుగానే కాంచన్ కవచమన్న పేరు వచ్చింది. కవచం చేసే పని కూడ అస్థితిస్థాపక అభిఘాతమే. దూసుకువచ్చిన గుండు తాలూకు ద్రవ్యవేగాన్ని ఎవరూ మాయం చేయలేరు. దానిని బరువైన శకటం మొత్తం పంచుకొంటుంది. బరువు హెచ్చుగా ఉండడం చేత శకటానికి కలిగే వేగం స్వల్పం. గుండులోని గతిజశక్తిని మాత్రం కవచపు పొరలు పగులుతూ, వంగుతూ, వేడెక్కుతూ తమలో ఇముడ్చుకోవాలి. అలా ఇముడ్చుకొన్నప్పుడే లోపల ఉన్న సైనికుని ప్రాణం దక్కుతుంది. తరగతి గదిలో పలక మీద చేసిన లెక్క యుద్ధభూమిలో ఒక మనిషి చావుబతుకులను నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు పునాది వేయడంలో కూడ భగవంతం పాలుపంచుకొన్నారు. 1963లో భారత ప్రభుత్వం హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ సంఘాన్ని నియమించింది. విక్రమ్ సారాభాయ్, భగవంతం, అయ్యగారి సాంబశివరావు అందులో సభ్యులు. భారతదేశం రేడియోల నుండి కంప్యూటర్ల వరకు తన అవసరాలను తానే తీర్చుకోవాలన్నది ఆ సంఘం ఆశయం. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైంది. దానిని నిర్మించి నడిపినవారు సాంబశివరావు. ఆ సంఘంలోని నలుగురు సభ్యులలో ఇద్దరు తెలుగువారు కావడం మనకు గర్వకారణం.

భగవంతం 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. ఆయన గతించి మూడున్నర దశాబ్దాలు దాటింది. ఈనాడు రామన్ ఫలితం ప్రయోగశాల గోడలు దాటి బయటకు వచ్చింది. లేజర్ కిరణాల సహాయంతో మందుల నాణ్యతను, రత్నాల యథార్థతను, పేలుడు పదార్థాల ఉనికిని ఈ ఫలితం ఆధారంగా పరీక్షిస్తున్నారు. నాడు రోజుల తరబడి వేచి చూడవలసిన వర్ణపటం నేడు క్షణాలలో తెరమీద ప్రత్యక్షమవుతున్నది. వజ్రమా కాదా అని తేల్చవలసి వచ్చినప్పుడు పరీక్షకులు వెదికేది 1930లో భగవంతం పరిశీలించిన ఆ 1332 రేఖనే.

భగవంతం జీవితం విద్యార్థులకు రెండు విషయాలను బోధిస్తుంది. నియమాన్ని కంఠస్థం చేసి లెక్క పూర్తిచేయడంతో విద్య ముగియదు. ద్రవ్యవేగం నిలిచి ఉన్నదని తెలిసిన తరువాత, గతిజశక్తి ఎక్కడికి పోయిందని అడగాలి. శక్తి లెక్క తేలిన తరువాత, భ్రమణం సంగతి ఏమిటని అడగాలి. ఇరవైరెండేళ్ళ వయస్సులో భగవంతం అడిగినది అటువంటి ప్రశ్నే. ఇక రెండవది, ఆర్జించిన విజ్ఞానాన్ని తనలోనే దాచుకోక పదిమందికీ, సంస్థలకూ పంచడం. ప్రయోగశాలలో ఆయన గడిపిన కాలం తగ్గిపోయి ఉండవచ్చు. కాని ఆ శ్రమ వాల్తేరులో, ఉస్మానియాలో, బెంగళూరులో, కంచన్‌బాగ్‌లో తరువాతి తరాలవారి కృషిగా నిలిచి ఉన్నది. హయత్‌నగర్‌లో గాని, ఆగిరిపల్లిలో గాని నేడు అభిఘాతాల పాఠం చదువుకొనే విద్యార్థి ఆ కృషికి వారసుడే.